గుర్రం, ఎద్దు, పాడి ఆవు... మరి పెంపుడు కుక్క? భారత పశువైద్య చరిత్రలో మిగిలిపోయిన ప్రశ్న

పోయిన వేసవిలో, ప్రిలిమ్స్‌కు ఇంకా ఐదు వారాలు ఉందనగా ఒక రాత్రి నాన్న ఫోన్ చేశారు. మా ఇంటి కుక్క టామీని ఆటో గుద్దింది. వెనక కాలు విరిగింది. మర్నాడు పొద్దున్నే మండలంలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు గారు మంచివారే. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, "ఇది తొడ ఎముక, కట్టుతో అతకదు. ఇక్కడ ఎక్స్-రే కూడా లేదు, పట్నం తీసుకెళ్ళండి" అన్నారు. పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్కుకు ఫోన్ చేస్తే ఆపరేషన్, ప్లేటు, నాలుగు రోజులు ఉంచుకోవడం అన్నీ కలిపి 35,000 రూపాయల దాకా అవుతుందన్నారు. నా గది అద్దె, మెస్ ఖర్చు, టెస్ట్ సిరీస్ ఫీజు కలిపి మూడు నెలలకు అయ్యే మొత్తం అది.

"ఏం చేద్దాం రా?" అని నాన్న అడిగారు. ఆ ప్రశ్న వెనక ఇంకో మాట ఉందని ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

అదే వారంలో మా పక్కింటి బర్రెకు గాలికుంటు టీకా వేయడానికి సిబ్బంది ఇంటి ముందుకే వచ్చారట. పైసా ఖర్చు లేదు. చెవికి 12 అంకెల ట్యాగు కూడా ఉంది. రెండూ జంతువులే. ఆసుపత్రి ఒకటే, డాక్టరూ ఒకరే. ఒకదానికి ప్రభుత్వం గుమ్మం దాకా వస్తుంది, రెండోదానికి ఎక్స్-రే కూడా దొరకదు. ఎందుకు?

ఏ వ్యవస్థ అయినా ఇలా ఎందుకు పనిచేస్తోందో తెలియాలంటే ముందు దాన్ని దేనికోసం డిజైన్ చేశారో చూడాలని ఇంజినీరింగ్‌లో నేర్చుకున్నాను. ఆ కోణంలో మన పశువైద్య చరిత్రను చదివితే సమాధానం దొరికింది. మనకు జీఎస్ పేపర్-1లో ఆధునిక చరిత్రకు, పేపర్-2లో సమాఖ్య వ్యవస్థకు, పేపర్-3లో పశుసంవర్ధనకు, పేపర్-4లో నీతిశాస్త్రానికి ఒకేసారి పనికొచ్చే అంశం ఇది. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

1. రాజుగారి శాలలు, అశోకుని శాసనం

మన ప్రాచీన పశువైద్యం అనగానే రెండు పేర్లు గుర్తుకు రావాలి. అశ్వవైద్యానికి శాలిహోత్రుడు, గజవైద్యానికి పాలకాప్యుడు. శాలిహోత్రుడి పేరు ఎంతగా నిలిచిపోయిందంటే, వందల ఏళ్ళ తర్వాత బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన దేశీ పశువైద్య సహాయకులను కూడా 'సలోత్రీ'లు అనే పిలిచేవారు. అయితే గమనించాల్సింది ఏమిటంటే, ఆ రెండు శాస్త్రాలూ పుట్టింది గుర్రం, ఏనుగు చుట్టూ. రెండూ యుద్ధ జంతువులే.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఇదే తర్కాన్ని పరిపాలనలోకి తెచ్చింది. గోవులకు, గుర్రాలకు, ఏనుగులకు వేర్వేరు అధ్యక్షులు ఉన్నారు. అశ్వాధ్యక్షుడి అధ్యాయంలో ఒక ఆసక్తికరమైన నియమం ఉంది. వైద్యుడి అజాగ్రత్త వల్ల గుర్రం రోగం ముదిరితే చికిత్స ఖర్చుకు రెట్టింపు జరిమానా, మందు లోపం వల్ల పరిస్థితి పూర్తిగా తిరగబడితే జంతువు విలువంత జరిమానా. ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలకూ ఇదే వర్తిస్తుంది. వైద్యుడి బాధ్యతను ఇంత స్పష్టంగా చెప్పడం గొప్ప విషయమే. కానీ జరిమానా లెక్క చూడండి. అక్కడ కొలుస్తున్నది జంతువు ధరను, దాని నొప్పిని కాదు.

దీనికి భిన్నమైన స్వరం అశోకుడిది. రెండవ ప్రధాన శిలాశాసనం మనుషులకూ పశువులకూ రెండు రకాల చికిత్స ఏర్పాటు చేసినట్టు, ఔషధ మొక్కలు లేనిచోట తెప్పించి నాటించినట్టు చెబుతుంది. తన రాజ్యంలోనే కాదు, చోళ, పాండ్య, కేరళపుత్ర, తామ్రపర్ణి ప్రాంతాల్లోనూ చేసినట్టు చెబుతుంది. ఈ శాసనం చూడటానికి మనం గిర్నార్ దాకా వెళ్ళనక్కర్లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద 14 ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలా నోట్సుల్లో 'అశోకుడు జంతువుల ఆసుపత్రులు కట్టించాడు' అని రాసి ఉంటుంది. శాసనం చెప్పేది చికిత్స గురించి, మూలికల గురించి, బావుల గురించి, చెట్ల గురించి. భవనం గురించి కాదు. ఆ తేడా రాస్తే జవాబుకు బరువు వస్తుంది.

శ్రీలంకలోనూ ఇలాంటి జ్ఞాపకం ఉంది. 4వ శతాబ్దపు రాజు బుద్ధదాసుడు స్వయంగా వైద్యుడని, ఒక పాముకు కూడా శస్త్రచికిత్స చేశాడని చూళవంశం చెబుతుంది. ఏనుగులకు, గుర్రాలకు వైద్యులను నియమించాడని కూడా అదే గ్రంథం చెబుతుంది. పాము కథ కరుణకు గుర్తు, ఏనుగుల వైద్యుడి నియామకం రాజ్య అవసరానికి గుర్తు. దక్షిణాసియాలో ఈ రెండు ధారలూ మొదటినుంచీ పక్కపక్కనే నడిచాయి.

2. రెండో ధార: పింజ్రాపోల్

రాజ్యానికి పనికిరాని జంతువు గాయపడితే ఎవరు చూశారు? దీనికి మధ్యయుగాల గుజరాత్‌లో జవాబు దొరుకుతుంది. 1580లలో భారత్‌కు వచ్చిన ఆంగ్లేయ వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ కాంబే గురించి రాస్తూ, అక్కడ కుక్కలకు, పిల్లులకు, పక్షులకు కూడా ఆసుపత్రులు ఉన్నాయని ఆశ్చర్యపోయాడు. 1623లో అదే పట్నానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె పక్షుల ఆసుపత్రిని చూసి రాశాడు. ఇవి జైన, వైష్ణవ వర్తకులు విరాళాలతో నడిపినవి. ఇవే పింజ్రాపోళ్ళు. ఢిల్లీలో ఎర్రకోట ఎదురుగా దిగంబర జైన లాల్ మందిరంలో నేటికీ నడుస్తున్న పక్షుల ఆసుపత్రి ఈ సంప్రదాయపు వారసత్వమే.

యాత్రికులు ఆసుపత్రి అన్నారు కానీ, ఫిచ్ వర్ణనలోనే అసలు విషయం ఉంది. కుంటి కుక్కలను, పిల్లులను అక్కడ ఉంచుతారు. అంటే అది ప్రధానంగా ఆశ్రయం. గాయాన్ని నయం చేసి ఇంటికి పంపే చోటు కాదు. ఆశ్రయం వేరు, చికిత్స వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

బొంబాయిలో ఈ ధార రాజకీయంగా కూడా బయటపడింది. వీధి కుక్కలను చంపినవారికి కంపెనీ అధికారులు డబ్బు ఇస్తుండగా, 1832 జూన్‌లో పార్సీలు పెద్ద ఎత్తున ఎదురుతిరిగారు. దుకాణాలు మూతపడ్డాయి. చరిత్రలో దీన్ని బొంబాయి కుక్కల అల్లర్లు అంటారు. రెండేళ్ళకు, 1834లో, జంషెడ్జీ జీజీభాయ్, అమీచంద్ షా చొరవతో బొంబాయి పాంజ్రాపోల్ ఏర్పడింది. 1857కు ముందు జరిగిన నగర నిరసనల గురించి అడిగితే ఈ ఉదాహరణ చాలామంది రాయరు.

3. కంపెనీకి కావలసింది గుర్రం

ఆధునిక పశువైద్యం మన దేశంలోకి వచ్చిన దారి వేరు. ప్రపంచంలో తొలి పశువైద్య పాఠశాల 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఏర్పాటైంది. లండన్ కళాశాల 1791లో వచ్చింది. లియోన్‌లో చదివిన తొలి ఆంగ్లేయుడు విలియం మూర్‌క్రాఫ్ట్ 1808లో బిహార్‌లోని పూసాకు వచ్చాడు. ఉద్యోగం ఏమిటంటే, ఈస్టిండియా కంపెనీ గుర్రాల పెంపక కేంద్రానికి సూపరింటెండెంట్. అశ్వికదళానికి మేలైన గుర్రాలు కావాలి. వాటిని వెతుక్కుంటూ ఆయన 1812లో టిబెట్ వెళ్ళాడు, 1825లో బుఖారా చేరాడు, తిరుగుదారిలో అదే సంవత్సరం మరణించాడు. మధ్య ఆసియాలో రష్యా, బ్రిటన్‌ల పోటీ గురించి చదివేటప్పుడు ఆయన పేరు తగులుతుంది. ఆయన ఒక పశువైద్యుడని మాత్రం మనం మర్చిపోతాం.

తర్వాతి అడుగులూ సైన్యానివే. 1862లో పుణేలో సైనిక పశువైద్య పాఠశాల, 1877లో హాపూర్ దగ్గర బాబూగఢ్‌లో మరో పాఠశాల, 1882లో లాహోర్ కళాశాల వచ్చాయి. ఆపై 1886లో బొంబాయి, 1893లో బెంగాల్‌లోని బెల్గాచియా, 1903లో మద్రాసు వేపేరి. ఆంధ్ర జిల్లాల నుంచి ఈ చదువుకు వెళ్ళినవారికి చాలాకాలం పాటు మద్రాసే దిక్కు. మన రాష్ట్రంలో తిరుపతి పశువైద్య కళాశాల మూలాలు 1955లో ఉన్నాయి.

4. గుర్రం నుంచి ఎద్దుకు

పల్లెల్లో పశువులు వేలకు వేలు చచ్చిపోతుంటే సైన్యం గుర్రాలనే చూస్తూ కూర్చోవడం కుదరలేదు. ముసర వ్యాధి అని మన రైతులు పిలిచిన పశువుల ప్లేగు ఒక్కసారి ఊళ్ళోకి వస్తే దుక్కిటెద్దులు మిగిలేవి కావు. ఎద్దు లేకపోతే సాగు లేదు, సాగు లేకపోతే శిస్తు లేదు. పశువుల మహమ్మారులపై నియమించిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పుణేలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ మొదలైంది. 1893లో దాన్ని కుమావూఁ కొండల్లోని ముక్తేశ్వర్‌కు మార్చారు. రోగక్రిములతో చేసే పని కాబట్టి పశువులకు దూరంగా, చల్లగా ఉన్న చోటు కావాలి. 1897లో రాబర్ట్ కాక్ అక్కడికి వచ్చారు. నేటి భారత పశువైద్య పరిశోధనా సంస్థకు అదే మూలం.

స్వతంత్ర భారతం ఈ పనిని పూర్తి చేసింది. 1954లో జాతీయ స్థాయిలో ముసర నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 2006లో మన దేశానికి ఆ వ్యాధి నుంచి విముక్తి పొందినట్టు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమే విముక్తి పొందింది. మశూచి తర్వాత మానవజాతి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో వ్యాధి ఇది. మన పశువైద్య శాఖ చేసిన అతి గొప్ప పని ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఈ విజయం శాఖ స్వభావాన్ని కూడా స్థిరపరిచింది. అంటువ్యాధి, టీకా, మంద, దిగుబడి. ఇవే దాని భాష. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ ఎంతమంది పశువైద్యులు కావాలో చెప్పినప్పుడు కూడా 5,000 పశు యూనిట్లకు ఒకరు అని లెక్క కట్టింది. 2019లో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల నియంత్రణకు ఐదేళ్ళకు దాదాపు 13,343 కోట్ల రూపాయలతో కార్యక్రమం వచ్చింది. పక్కింటి బర్రెకు పడిన టీకా దీనిలోదే. పశువుల బీమాలో 2024 నుంచి రైతు వాటా 15 శాతమే, మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. గుర్రం పోయి ఎద్దు వచ్చింది, ఎద్దు పోయి పాలు వచ్చాయి. అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. ఈ జంతువు ఏం ఉత్పత్తి చేస్తుంది?

టామీ ఏమీ ఉత్పత్తి చేయదు. రాత్రి గేటు చప్పుడైతే మొరుగుతుంది, నేను ఊరు వెళ్ళినప్పుడు బస్టాండు మలుపు దాకా ఎదురొస్తుంది. అంతే.

5. రాజ్యాంగంలో కుక్క ఎక్కడ ఉంది?

మెయిన్స్ కోణంలో ఇది ముఖ్యం. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 15వ అంశం పశుసంపద పరిరక్షణ, అభివృద్ధి, వ్యాధుల నివారణ, పశువైద్య శిక్షణ, వృత్తి. ఉమ్మడి జాబితాలో 17వ అంశం జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. అంటే వైద్యం రాష్ట్రానిది, క్రూరత్వ నివారణ ఇద్దరిదీ. 48వ అధికరణ వ్యవసాయాన్ని, పశుపోషణను ఆధునిక పద్ధతుల్లో నిర్వహించమంటుంది. 42వ సవరణతో వచ్చిన 51ఏ(జీ) జీవుల పట్ల కరుణ చూపడం పౌరుడి విధి అంటుంది. చికిత్స రాజ్యం దగ్గర ఉంది, కరుణ పౌరుడి దగ్గర ఉంది. మనం పైన చూసిన రెండు ధారలే ఇవి.

స్థానిక సంస్థల షెడ్యూళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలులో పశుసంవర్ధన, పాడి, కోళ్ళ పెంపకం ఉన్నాయి. మున్సిపాలిటీలకు సంబంధించిన 12వ షెడ్యూలులో ఉన్నది బందెల దొడ్లు, క్రూరత్వ నివారణ. పెంపుడు జంతువులు ఎక్కువగా పెరుగుతున్న చోటు నగరం. ఆ నగరానికి రాజ్యాంగం ఇచ్చిన ఊహ ఇంకా 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టపు బందెల దొడ్డి దగ్గరే ఉంది.

చట్టాల సంగతికి వస్తే, 1861లో కోల్స్‌వర్దీ గ్రాంట్ కలకత్తాలో దేశపు తొలి జంతు క్రూరత్వ నివారణ సంఘాన్ని స్థాపించారు. 1890లో తొలి దేశవ్యాప్త చట్టం వచ్చింది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు వల్ల కదలిక వచ్చి, 1960 చట్టం రూపొందింది. దాని కింద 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. యజమాని తన జంతువుకు అనవసరమైన నొప్పి లేకుండా చూడాలని 3వ సెక్షన్ చెబుతుంది. క్రూరంగా ప్రవర్తిస్తే 11వ సెక్షన్ కింద తొలి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 2014లో నాగరాజ కేసులో సుప్రీంకోర్టు జంతువులకు ఐదు స్వేచ్ఛలు ఉన్నాయని గుర్తించింది. నొప్పి, గాయం, వ్యాధి నుంచి స్వేచ్ఛ వాటిలో ఒకటి.

అంటే చట్టం మా నాన్నకు ఒక విధి విధించింది. ఆ విధిని నెరవేర్చడానికి కావలసిన ఎక్స్-రే మిషను మాత్రం మా మండలంలో పెట్టలేదు. బాధ్యత, సామర్థ్యం మధ్య ఉన్న ఈ దూరమే అసలు సమస్య. నీతిశాస్త్రం పేపర్‌లో దీన్ని కేస్ స్టడీగా అడగవచ్చు.

6. మరో వైపు వాదన

ఇక్కడ ఆగి ఎదుటి వాదనను కూడా నిజాయితీగా చూడాలి. పేద దేశంలో ప్రభుత్వ డబ్బు పెంపుడు కుక్క కాలికి ఎందుకు పెట్టాలి? మనుషులకే పడకలు చాలని జిల్లాలు ఉన్నాయి. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు.

ఆర్థికశాస్త్రం కూడా ఆ వాదనకు కొంత బలం ఇస్తుంది. అంటువ్యాధికి టీకా వేస్తే లాభం ఊరందరిదీ, అందుకే అది ప్రజావస్తువు. విరిగిన కాలు అతికితే లాభం ఆ జంతువుది, దాని యజమానిది. టీకా చవకగా రావడానికి మరో కారణం కోట్ల డోసులు ఒకేసారి తయారుకావడం. ఎముక ఆపరేషన్ ఒక్కొక్కటిగా చేయాలి. మత్తుమందు, ప్లేటు, నైపుణ్యం, ఆ తర్వాత వారాల సంరక్షణ కావాలి. కాబట్టి ప్రైవేటు క్లినిక్ అడిగిన మొత్తమంతా దురాశ అనలేం. 1984 భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన వైద్యులే చికిత్స చేయాలి. అది మంచిదే, కానీ అలాంటి వైద్యులు తక్కువగా ఉన్నచోట ధర పెరుగుతుంది.

అయితే ఈ వాదనలో రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, పెంపుడు జంతువు ధనికుల సరదా అనే పాత ఊహ. మా వీధిలో కుక్క ఉన్న ఇళ్ళలో ఒకటి ఆటో డ్రైవరుది, ఇంకొకటి అంగన్‌వాడీ టీచరుది. చికిత్స అందకపోతే ఆ జంతువు రోడ్డు మీద పడుతుంది, టీకా లేకుండా తిరుగుతుంది, రేబిస్ ప్రమాదం మళ్ళీ ఊరందరిదీ అవుతుంది. రెండు, ప్రభుత్వం కొత్తగా అంతా కట్టాలన్న భావన. అవసరమైన వాటిలో చాలా భాగం ఇప్పటికే ఉంది. చరిత్రే దానికి సాక్ష్యం.

7. రెండు ధారలు కలిసిన చోటు

1874లో బొంబాయిలో జంతు క్రూరత్వ నివారణ సంఘం ఏర్పడింది. గాయపడిన బండి ఎద్దులను, గుర్రాలను రక్షించి తెచ్చాక ఎక్కడ ఉంచాలన్నది సమస్య. దిన్షా మానెక్‌జీ పెటిట్ దాతృత్వంతో పరేల్‌లో ఆయన భార్య పేరిట బాయి సకర్‌బాయి జంతువుల ఆసుపత్రి వచ్చింది. 1886లో అదే ఆవరణలో బొంబాయి పశువైద్య కళాశాల మొదలైంది.

ఈ ఏర్పాటు ఎందుకు ముఖ్యం? దాతకు కావలసింది జంతువు బాధ తీరడం. ప్రభుత్వానికి కావలసింది శిక్షణ పొందిన వైద్యులు. విద్యార్థికి కావలసింది చికిత్స చేసి నేర్చుకోవడానికి రోగులు. ముగ్గురి అవసరమూ ఒకే కప్పు కింద తీరింది. పింజ్రాపోల్ ఇవ్వలేకపోయిన చికిత్స, సైనిక పాఠశాల పట్టించుకోని జంతువు, రెండూ అక్కడ కలిశాయి. ఖర్చును ఒక్కరే మోయాల్సిన పని లేదు.

తర్వాతి కాలంలో కరుణ ధార నుంచి చెన్నైలో 1959లో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, 1992లో హైదరాబాద్ బ్లూ క్రాస్ వచ్చాయి. 2024లో ముంబైలో టాటా ట్రస్టుల చిన్న జంతువుల ఆసుపత్రి తెరుచుకుంది. రాజ్యం ధార నుంచి 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు వచ్చాయి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఇవి మొదలయ్యాయి. గుజరాత్ 2017లో ఇదే నంబరుతో నగరాల్లో గాయపడిన జంతువులకు కరుణ అంబులెన్సులు నడిపింది. అంటే రాష్ట్రం తలచుకుంటే ఒకే నంబరు పల్లె బర్రెకూ, పట్నం కుక్కకూ పనిచేస్తుంది.

8. ఏం చేయవచ్చు?

మొదటిది, ఉన్న నియమాన్ని అమలు చేయడం. 2001 నియమాల ప్రకారం ప్రతి జిల్లాలో జంతు క్రూరత్వ నివారణ సంఘం ఉండాలి, దానికి చికిత్సాలయం ఉండాలి, అందులో పూర్తికాల పశువైద్యుడు ఉండాలి. మీ జిల్లాలో అది ఎక్కడ ఉందో ఒకసారి వెతికి చూడండి. దొరికితే చిరునామా ఇంట్లో వాళ్ళకు చెప్పి ఉంచండి.

రెండోది, ఎక్స్-రే, శస్త్రచికిత్స సౌకర్యం ప్రతి మండలానికీ అక్కర్లేదు. జిల్లాకు ఒక కేంద్రం, మండలం నుంచి అక్కడికి పంపే పద్ధతి ఉంటే చాలు. మనుషుల వైద్యంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి పంపినట్టే. స్తోమతను బట్టి రుసుము తీసుకోవచ్చు. ఉచితం కావాలని అడగడం లేదు, అందుబాటులో ఉంటే చాలు.

మూడోది, పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులను జిల్లాలతో కలపడం. తిరుపతి, రాజేంద్రనగర్, గన్నవరం లాంటి చోట్ల ఉన్న ఈ ఆసుపత్రుల గురించి సగటు మనిషికి తెలియదు. మా నాన్నకూ తెలియదు.

నాలుగోది, 12వ షెడ్యూలు స్ఫూర్తిని విస్తరించి, మున్సిపాలిటీలు కుక్కల సంతాన నియంత్రణ కేంద్రాల్లో ఉన్న ఆపరేషన్ గదులను గాయాల చికిత్సకు కూడా వాడుకోవడం. గది ఉంది, బల్ల ఉంది, మత్తుమందు ఇచ్చేవారు ఉన్నారు. పని వేళలు మార్చితే సరిపోతుంది.

చివరగా

టామీ సంగతి చెప్పాలి. రెండో రోజు మా మండలం డాక్టరు గారే మళ్ళీ ఫోన్ చేసి, "వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళి చూశారా? అక్కడ పిల్లలకు నేర్పుతారు, ఖర్చు తక్కువ" అన్నారు. నాన్న తెలిసినవాళ్ళ ట్రాలీ ఆటోలో గోనెపట్టా పరిచి, టామీని చెక్క పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. దారిలో ఎవరో మనుషులు వేసుకునే నొప్పి మాత్ర వేయమన్నారట. డాక్టరు గారు ముందే వద్దని చెప్పారు కాబట్టి నాన్న వేయలేదు. వేయకపోవడమే మంచిదైంది, ఆ మాత్రలు కుక్కలకూ పిల్లులకూ విషమయ్యే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ బల్ల చుట్టూ విద్యార్థులు నిలబడ్డారు. ప్రొఫెసరు గారు ప్లేటు బిగిస్తూ వాళ్ళకు వివరించారు. ప్లేటు, మందులు మేం కొన్నాం. బండి కిరాయితో కలిపి 7,000 రూపాయల లోపు అయింది. ఆరు వారాలు కట్టేసి ఉంచారు. ఇప్పుడు కొంచెం కుంటుతుంది. మలుపు దాకా మాత్రం వస్తుంది.

1886లో పరేల్‌లో మొదలైన ఏర్పాటే 2020లలో మా కుక్కకు కాలు ఇచ్చింది. కానీ ఆ దారి మాకు ఒక డాక్టరు గారి మంచితనం వల్ల తెలిసింది, వ్యవస్థ వల్ల కాదు. ఆయన ఆ రెండో ఫోన్ చేయకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. రేపు మనలో ఎవరైనా జిల్లాలో ఒక కుర్చీలో కూర్చుంటే, ఆ రెండో ఫోన్ ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా చూడగలగాలి.

సాధన ప్రశ్న: "భారత పశువైద్య వ్యవస్థ జంతువు ఉపయోగం చుట్టూ నిర్మితమైంది, జంతువు బాధ చుట్టూ కాదు." చారిత్రక ఉదాహరణలతో, రాజ్యాంగ నిబంధనలతో చర్చించండి. (250 పదాలు)

జవాబు రాసేటప్పుడు ముసర నిర్మూలన విజయాన్ని తప్పక గుర్తించండి. ఒకవైపు మాటే రాస్తే మార్కులు తగ్గుతాయి, న్యాయమూ కాదు.